పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించాలా? నమ్మకమైన కాంట్రాక్టరును ఎంచుకోవడం ఇలా

తిరుపతి దగ్గర చంద్రగిరి వైపు తోటల్లో, కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు పక్కన లేఅవుట్లలో, చిత్తూరు చుట్టూ మామిడి తోటల మధ్య ఫామ్‌హౌసుల్లో ఇంటికో స్విమ్మింగ్ పూల్ కట్టించుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. కట్టేవాళ్లకూ కొదవ లేదు. ఎవరిని పిలిచినా ఫోన్ తీసి నీలం నీళ్లు, రంగు లైట్ల ఫోటోలు చూపిస్తారు. ఆ ఫోటోలు చూసి మనిషిని నమ్మకండి. ఫోటోలో కనబడేది టైల్సు, లైట్లు. కాంట్రాక్టరు పనితనం బయటపడేది కమ్మీల్లో, పైపుల్లో, జాయింట్లలో, వాటర్‌ఫ్రూఫింగ్‌లో. ఇవన్నీ మట్టిలోకో టైల్సు వెనక్కో వెళ్లిపోతాయి. అందుకే, పూడిపోయే పనిని పూడకముందే మీకు చూపించడానికి, ఏం చేస్తాడో కాగితం మీద రాసివ్వడానికి ఒప్పుకునే మనిషి కోసం వెతకాలి. కింద చెప్పినవన్నీ అలాంటి మనిషిని పట్టుకోవడానికే.

మొదటి పని: మీ లెక్క మీరు తేల్చుకోవడం

"ఓ మోస్తరు పూల్ కావాలి" అని అడిగితే ముగ్గురు కాంట్రాక్టర్లు మూడు రకాల పూల్స్‌కు రేటు చెబుతారు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడలేరు. అందుకే కొలతలు మీరే అనుకోండి. ఉదాహరణకు 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు. అంటే 1,152 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 32,600 లీటర్ల నీళ్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే ఆరేడు ట్రిప్పులు. ఈ అంకె రాసిపెట్టుకోండి, తర్వాత కాంట్రాక్టరుకు పరీక్ష పెట్టడానికి పనికొస్తుంది. ఇంట్లోవాళ్లు ఈదడానికి, పిల్లలు ఆడుకోవడానికి నాలుగు, నాలుగున్నర అడుగులు చాలు. లోతు పెరిగేకొద్దీ తవ్వకం, కమ్మీ, నీళ్లు, భయం అన్నీ పెరుగుతాయి.

ఎక్కడ కట్టాలన్నది రెండో సంగతి. మన దగ్గర ఈశాన్యం మాట రాకుండా పూల్ మాట రాదు. ఈశాన్యంలోనే పెట్టుకోండి, అభ్యంతరం లేదు. కానీ ఆ మూల కాంపౌండు గోడకో పక్కింటి పునాదికో ఆనుకుని ఉంటే, అక్కడ అయిదారడుగుల గుంత తవ్వితే ఏమవుతుందో ముందు ఇంజనీరును అడగాలి. సెప్టిక్ ట్యాంకు ఎంత దూరంలో ఉంది, వాన నీళ్లు పెరట్లో ఏ వైపు పారతాయి, నెత్తిమీద వేపచెట్టో చింతచెట్టో ఉందా అన్నవి కూడా చూసుకోండి. చింతాకు రాలే చోట పూల్ కడితే రోజూ వల పట్టుకుని నిలబడాల్సిందే.

నేల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అలిపిరి, కపిలతీర్థం వైపు కొండ కింద స్థలాల్లో తవ్వకం మొదలుపెట్టాక రాయి తగలొచ్చు. తిరుచానూరు, స్వర్ణముఖి చుట్టుపక్కల, పాత చెరువుల కింది భూముల్లో అయితే భూమిలోని నీళ్లతోనే చిక్కు. 2021 నవంబరు వరద చూసినవాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. వానలకు భూమిలో నీటిమట్టం పైకొచ్చినప్పుడు, లోపల నీళ్లు లేకుండా ఖాళీగా ఉన్న పూల్‌ను ఆ నీళ్లు కింద నుంచి పైకి తోస్తాయి. బలహీనంగా కట్టిన అడుగు పగులుతుంది. ఫైబర్ తొట్టి అయితే మొత్తంగా పైకి లేచిపోగలదు. దీనికి మందు అడుగున ఒత్తిడి తగ్గించే వాల్వు, దాని కింద నీళ్లు పారిపోయే కంకర పొర, తగినంత బరువున్న అడుగు. మీ స్థలంలో ఇవి కావాలా వద్దా అన్నది కాంట్రాక్టరు తనంతట తానే ఎత్తాల్సిన విషయం. ఎత్తలేదంటే ఆయన ఇక్కడి నేలను పట్టించుకోలేదన్నమాటే.

మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ మూడు నెలల్లో గుంత తవ్వించుకోవద్దు. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే ఎండాకాలానికి కాంక్రీటు పని అయిపోతుంది. మేలో గంగమ్మ జాతర రోజుల్లో కూలీలు దొరకరని కూడా లెక్కలో వేసుకోండి.

పర్మిషన్ సంగతి రెండు మాటల్లో చెప్తాను. స్థలం కార్పొరేషన్‌లో ఉన్నా, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉన్నా, పంచాయతీలో ఉన్నా పూల్‌ను ప్లాన్‌లో చూపించాలా, చుట్టూ ఎంత వదలాలి అన్నది మీ ఇంటి ప్లాన్ పెట్టిన ఎల్‌టీపీని, అంటే లైసెన్సున్న టెక్నికల్ మనిషిని, అడిగి తేల్చుకోండి. పూల్ కోసం కొత్త బోరు వేయాలనుకుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. "పర్మిషన్ అక్కర్లేదు సార్, అంతా మేం చూసుకుంటాం" అనే కాంట్రాక్టరు మాట లెక్కలోకి తీసుకోవద్దు. నోటీసు వస్తే వచ్చేది మీ పేరు మీద.

రెండో పని: వచ్చే మనిషి ఎవరో పోల్చుకోవడం

పూల్ కడతామని మన దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా మూడు రకాలు.

ఒకరు ఇళ్లు కట్టే లోకల్ కాంట్రాక్టరో మేస్త్రీయో. "ఎన్ని సంపులు కట్టాం సార్, పూల్ ఎంత?" అంటాడు. సంపుకీ పూల్‌కీ తేడా ఉంది. సంపు గోడల్లోంచి ఒకటో రెండో పైపులు పోతాయి. పూల్ గోడల్లోంచి, అడుగులోంచి పదో పదిహేనో పోతాయి, అన్నీ రోజూ ఒత్తిడి మీద పనిచేస్తాయి. లీకులు మొదలయ్యేది చాలాసార్లు కాంక్రీటు మధ్యలో కాదు, పైపు గోడను దాటే చోటే. ఇంతకుముందు పూల్ కట్టి ఉంటే ఈయన మంచి మనిషే కావచ్చు. ఊళ్లోనే ఉంటాడు, పిలిస్తే వస్తాడు. కట్టకపోతే మాత్రం మీ ఇంట్లో నేర్చుకోనివ్వొద్దు.

రెండోవాళ్లు చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చే పూల్ కంపెనీలు. డ్రాయింగులు అందంగా ఉంటాయి, మాట్లాడే కుర్రాడు చురుగ్గా ఉంటాడు. అడగాల్సిన ప్రశ్న: సైటులో రోజూ నిలబడేది ఎవరు? చాలాచోట్ల సివిల్ పని మళ్లీ ఇక్కడి మేస్త్రీకే సబ్‌కాంట్రాక్టు ఇస్తారు. ఇవ్వడం తప్పు కాదు, ఆ మేస్త్రీ పేరు దాచడం తప్పు.

మూడోవాళ్లు పంపులు, ఫిల్టర్లు అమ్మే డీలర్లు. మెషినరీ గురించి వీళ్లకు బాగా తెలుసు, కాంక్రీటు వేరేవాళ్ల చేత చేయిస్తారు.

ఎవరైనా సరే, మీరు మొదటిరోజే అడగాల్సింది ఒకటే: "రేపు నీళ్లు తగ్గితే జవాబు చెప్పేది ఎవరు?" ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. నీళ్లు తగ్గితే మేస్త్రీ ప్లంబర్ని చూపిస్తాడు. ప్లంబర్ టైల్సువాడిని చూపిస్తాడు. టైల్సువాడు ఈలోగా వేరే ఊరికి పోయి ఉంటాడు. సివిల్, ప్లంబింగు, వాటర్‌ఫ్రూఫింగు, టైల్సు, మెషినరీ అయిదింటికీ ఒకే పేరు మీద, ఒకే అగ్రిమెంటులో బాధ్యత తీసుకోనివారిని పక్కన పెట్టండి. పని ఎంతమంది చేత చేయించుకున్నా, మీకు జవాబుదారీ ఒక్కడే ఉండాలి.

మూడో పని: విచారించడం, పాత పూల్ చూడటం

స్నేహితులను అడగడం అందరూ చేసేదే. దానికంటే మంచి దారులు రెండున్నాయి.

మొదటిది, పూల్స్ శుభ్రం చేసే కుర్రాళ్లు. బండి మీద బ్రష్, వల, క్లోరిన్ డబ్బా పెట్టుకుని ఇంటింటికీ, రిసార్టు రిసార్టుకీ తిరుగుతుంటారు. ఎవరి పూల్‌లో వారానికోసారి నీళ్లు నింపాల్సి వస్తుందో, ఏ పంపు రూములో నేల ఎప్పుడూ తడిగా ఉంటుందో, ఎక్కడ టైల్సు ఊడి కాళ్లకు కోసుకుంటున్నాయో వాళ్లకు తెలిసినంతగా ఓనర్లకు కూడా తెలియదు. టీ తాగించి, "అన్నా, నువ్వే కట్టించుకోవాలంటే ఎవరి చేత కట్టిస్తావు?" అని అడగండి. ఒకరిద్దరి పేర్లు చెబుతారు. ఎవరి దగ్గరికి పోవద్దో కూడా చెబుతారు. ఆ రెండో లిస్టు ఇంకా విలువైనది.

రెండోది, సిమెంటు, కమ్మీ, టైల్సు, పైపులు అమ్మే షాపులు. కాంట్రాక్టరు పేరు చెప్పి, ఆయన మనిషి ఎలాంటివాడని అడగండి. బాకీలు టైముకు కడతాడా అన్నది వాళ్ల మొహంలోనే తెలుస్తుంది. షాపుల్లో బాకీ పెరిగిన కాంట్రాక్టరు మీ అడ్వాన్సుతో పాత సైటు బాకీ తీరుస్తాడు. మీ సైటు పని సాగాలంటే మళ్లీ ఇంకొకరి అడ్వాన్సు రావాలి. మాకు తెలిసిన ఒకాయన ఇంట్లో గోడలు లేచాక పని నెలల తరబడి ఆగిపోయింది. వానాకాలం వచ్చేసరికి ఆ గుంత నిండా పాకుడు నీళ్లు, దోమలు. ఆ కాంట్రాక్టరు పని తెలియనివాడేం కాదు, డబ్బు తిప్పడంలో మునిగిపోయాడు.

పేర్లు రెండో మూడో తేలాక ఒక్కొక్కరినీ కట్టిన పూల్స్ లిస్టు అడగండి. తాను ఎంచి చూపించే మూడు వద్దు. గత నాలుగేళ్లలో కట్టినవన్నీ చెప్పమనండి. అందులోంచి మీరే ఒకటి ఎంచుకోండి. కనీసం రెండు వానాకాలాలు దాటినదై ఉండాలి. కొత్త పూల్ ఎవరు కట్టినా మెరుస్తూనే ఉంటుంది.

అక్కడికి వెళ్లాక నీళ్ల వైపు కాసేపు చూడకండి. ముందు పంపు రూముకు వెళ్లండి. తలుపు తీయగానే తడి వాసన వస్తోందా? పంపు కింద, వాల్వుల కింద తెల్లగా ఉప్పు పేరుకుందా? ఏ వాల్వు దేనికో పేర్లు రాసి ఉన్నాయా? ఫిల్టరు మీద ప్రెషర్ గేజ్ ముల్లు కదులుతోందా, చచ్చిపోయి సున్నా దగ్గర పడుందా? వైర్లు పైపులో పోతున్నాయా, టేపు చుట్టి వేలాడుతున్నాయా? పూల్ కట్టినవాడు జనం చూడని చోట ఎంత శ్రద్ధ పెట్టాడో ఈ ఒక్క గదే చెప్పేస్తుంది.

తర్వాత పూల్ దగ్గరికి రండి. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, నీటిమట్టం పైనున్న టైల్సు మీద వరసగా తట్టుకుంటూ పోండి. గట్టిగా అతుక్కున్నది టక్కుమంటుంది, వెనక ఖాళీ ఉన్నది డొల్లగా మోగుతుంది. మూలల్లో సందులు నింపిన మసాలా ఊడిందేమో వేలితో రాసి చూడండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి నీటిగీత దగ్గర తెల్లచార మామూలే, దానికి కాంట్రాక్టరును తప్పు పట్టకండి. గోడకు బయటివైపు చెమ్మ ఉంటే మాత్రం తప్పు ఆయనదే.

చివరగా ఓనరుతో మాట్లాడండి. "పని బాగా చేశాడా?" అని అడిగితే "బాగానే చేశాడు" అంటారు, పెరట్లో నిలబడి కాదనలేరు. ఇలా అడగండి: అనుకున్నదానికంటే ఎంత ఎక్కువ అయింది? ఎందుకు అయింది? డబ్బంతా ఇచ్చేశాక ఎప్పుడైనా పిలిచారా, ఫోన్ ఎత్తాడా, ఎన్ని రోజులకు వచ్చాడు? వారానికి ఎన్ని నీళ్లు నింపుతున్నారు?

నాలుగో పని: సైటుకు పిలిపించడం

ఫోన్‌లోనే చదరపుటడుగుకు ఇంత అని రేటు చెప్పేవాళ్లను అక్కడే ఆపేయండి. సైటుకు వచ్చిన మనిషి మీరు అడిగేదానికంటే మిమ్మల్నే ఎక్కువ అడగాలి. జేసీబీ లోపలికి వస్తుందా, సందు ఎంత వెడల్పు? తవ్విన మట్టి ఎక్కడ వేయాలి? పక్కింటి బోరు ఎన్ని అడుగుల్లో ఉంది, వానాకాలంలో బావిలో నీళ్లు ఎంత పైకి వస్తాయి? కరెంటు త్రీఫేజా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? రోజూ శుభ్రం చేసేది ఎవరు? ఈ ప్రశ్నలు వేసేవాడికి ముందు ముందు ఏమొస్తుందో తెలుసు. వీటిలో ఒక్కటీ అడక్కుండా "ఇన్ఫినిటీ పూల్ చేసేద్దాం సార్, అదిరిపోతుంది" అన్నవాడికి తన బిల్లు ఒక్కటే తెలుసు. నీళ్లు అంచు మీదుగా పొర్లే పూల్‌కు పక్కన ఇంకో ట్యాంకు కట్టాలి, ఖర్చు, మెయింటెనెన్సు రెండూ పెరుగుతాయి. ఇంటి పూల్‌కు పైన తేలే చెత్తను లాగే స్కిమ్మరు గోడలో పెట్టే మామూలు పద్ధతి చాలు.

ఇప్పుడు మీ 32,600 లీటర్ల అంకె బయటికి తీయండి. "ఈ నీళ్లన్నీ ఒకసారి ఫిల్టరు అవ్వడానికి ఎన్ని గంటలు పడుతుంది?" అని అడగండి. ఇంటి పూల్‌కు మామూలుగా 6 నుంచి 8 గంటలు లెక్క వేస్తారు. 6 గంటలు అనుకుంటే గంటకు దాదాపు 5,400 లీటర్లు తిప్పగల పంపు, దానికి సరిపడే ఫిల్టరు, దానికి తగ్గ పైపు సైజు. ఈ లెక్క మీ ముందు కాగితం మీద వేసి చూపించేవాడు వేరు, "ఒకటిన్నర హెచ్‌పీ పెడదాం సార్, టెన్షన్ పడొద్దు" అనేవాడు వేరు.

ఇంకో ప్రశ్న: "స్ట్రక్చర్ డ్రాయింగు ఎవరిస్తారు?" గోడ మందం, కమ్మీల సైజు, వాటి మధ్య దూరం కాంట్రాక్టరు నోటి లెక్కతో తేల్చేవి కావు. నీళ్లు నిలిపే కట్టడాలకు ఐఎస్ 3370 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో ఆర్‌సీసీకి కనీసం ఎం30 అనే గ్రేడు కాంక్రీటు చెప్పారు. ఇళ్ల స్లాబులకు మేస్త్రీలు తట్టల లెక్కన కలిపే మిశ్రమం దీనికి సరిపోదు. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజు మీరే వేరుగా ఇచ్చి, డ్రాయింగు మీ పేరు మీద తీసుకోండి. కాంట్రాక్టరు తెచ్చిన ఇంజనీరయితే కమ్మీ తగ్గించే లెక్కకు తలూపే వీలుంది. మొత్తం ఖర్చులో ఈ ఫీజు చాలా చిన్నది. "ఎందుకు సార్ దండగ" అని కాంట్రాక్టరు అంటే, ఆ డ్రాయింగుకు ఆయన ఎందుకు భయపడుతున్నాడో ఆలోచించుకోండి.

అయిదో పని: కొటేషన్లు చదవడం

ఒకే డ్రాయింగు ముగ్గురికీ ఇచ్చి, ఐటమ్ వారీగా కొటేషన్ అడగండి. "పూల్ మొత్తం, టర్న్‌కీ, ఇంత" అని ఒక్క లైనులో ఇస్తే తిప్పి పంపండి.

చదివేటప్పుడు ఉన్నవాటికంటే లేనివాటిని చూడాలి. మట్టిని ట్రాక్టర్లలో తోలించడం, గుంతలో ఊరే నీళ్లు తోడటం, రాయి పడితే బ్రేకరు ఖర్చు, పంపు రూము, కరెంటు పని, చుట్టూ నడిచే గచ్చు, నీళ్లు నింపడం, నీటిని పరీక్షించే కిట్టు, నీళ్లలో వేసే మొదటి నెల మందులు, జీఎస్టీ. తక్కువ రేటు కొటేషన్‌లో ఇవి ఉండవు, తర్వాత ఒక్కొక్కటిగా ఎక్స్‌ట్రా పేరుతో వస్తాయి. అన్నీ కలిపి మళ్లీ మొత్తం వేయించండి. తక్కువ రేటు చెప్పిన ఆయనే అందరికంటే ఖరీదు అని అప్పుడు తేలొచ్చు.

రాయి విషయం ప్రత్యేకంగా రాయించుకోండి. కొండ దగ్గర స్థలమైతే మరీ. మట్టి తవ్వకానికి ఒక రేటు, రాయికి ఘనపుటడుగుకో బ్రేకరు గంటకో ఒక రేటు ముందే కుదుర్చుకోవాలి. గుంత సగం తవ్వాక బేరం ఆడటానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

వస్తువులకు కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉండాలి. "బ్రాండెడ్ పంపు", "ఇంపోర్టెడ్ ఫిల్టర్", "ఫస్ట్ క్వాలిటీ టైల్స్" అన్న మాటలకు అర్థం ఏమీ లేదు. "లేదా దానికి సమానమైనది" అని రాసి ఉంటే, "ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే" అని పక్కన చేర్పించండి.

ఆరో పని: అగ్రిమెంటు, డబ్బు

జీఎస్టీ నంబరు అడిగి జీఎస్టీ వెబ్‌సైటులో కొట్టి చూడండి. 15 అక్షరాల నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్. ఆంధ్రప్రదేశ్ 37, తమిళనాడు 33, కర్ణాటక 29. ఫర్మ్ పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ ఇంకా నడుస్తోందా, ఎప్పుడు తీసుకున్నారు అన్నీ కనబడతాయి. "ఇరవై ఏళ్ల అనుభవం" అన్న ఫర్మ్ రిజిస్ట్రేషన్ పోయిన ఏడాదిదైతే కారణం అడగండి, సరైన జవాబు ఉండొచ్చు కూడా. చిన్న మేస్త్రీకి జీఎస్టీ లేకపోవడం నేరమేమీ కాదు, ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవరుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ అని 18 శాతం కలిపితే అది మోసం.

డబ్బు ఎప్పుడూ పని వెనకే నడవాలి. 12 లక్షల పని అనుకుందాం. అడ్వాన్సు 10 శాతం, అంటే లక్షా ఇరవై వేలు. తవ్వకం, అడుగు కంకర పని అయ్యాక 15. అడుగు, గోడలు కాంక్రీటు పోశాక 25. నీళ్ల పరీక్ష పాసయ్యాక 15. టైల్సు అయ్యాక 15. మెషినరీ బిగించి నడిపించి చూపాక 10. మిగతా 10 శాతం, ఇంకో లక్షా ఇరవై వేలు, మీ దగ్గరే ఉంటుంది. దాని సంగతి చివర్లో చెబుతాను. సగం డబ్బు ముందే అడిగేవారితో బేరం పెట్టుకోకండి. "మెషినరీకి కంపెనీకి ముందే కట్టాలి సార్" అంటే, బిల్లు మీ పేరు మీద చేయించి డీలరుకు మీరే నేరుగా కట్టండి. ఇచ్చే ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

అగ్రిమెంటు స్టాంపు పేపరు మీద ఉండాలి. డ్రాయింగులు, ఐటమ్ లిస్టు, డబ్బు మెట్లు దానికి జతచేసి ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. గ్యారంటీని రెండుగా విడగొట్టి రాయించండి: మెషినరీకి కంపెనీ ఇచ్చేది వేరు, లీకులకు కాంట్రాక్టరు ఇచ్చేది వేరు. లీకుకు కనీసం అయిదేళ్లు అడగండి. "లీకు వస్తే" అని మాత్రమే రాస్తే సరిపోదు. చెప్పిన ఎన్ని రోజుల్లో రావాలి, టైల్సు పగలగొట్టి మళ్లీ వేసే ఖర్చు ఎవరిది, నీళ్ల ఖర్చు ఎవరిది అన్నవి కూడా ఉండాలి. పనిలో కూలీకి దెబ్బ తగిలితే బాధ్యత, ఇన్సూరెన్సు కాంట్రాక్టరుదే అని ఒక లైను. అగ్రిమెంటు, బ్యాంకు రసీదులు ఉంటే రేపు గొడవ వచ్చినా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. కాగితాలు లేకుండా నోటిమాట మీద వెళ్తే మాత్రం మీ గోడు వినిపించడమే కష్టం.

ఈ అగ్రిమెంటు ముందు పెట్టినప్పుడు మనిషి ఎలా మాట్లాడతాడో గమనించండి. "ఈ లైను మార్చండి, ఇది నావల్ల కాదు, ఇది చేస్తాను" అనేవాడు నిలబడేవాడు. "మన మధ్య కాగితాలెందుకు సామీ, వెంకన్న సాక్షి" అనేవాడికి నమస్కారం పెట్టి పంపేయండి.

ఏడో పని: మూడు చోట్ల ఆపి చూడటం

పని మొదలయ్యాక రోజూ కుర్చీ వేసుకుని కూర్చోనక్కర్లేదు. మూడు చోట్ల మాత్రం మీరో మీ ఇంజనీరో చూసి, సరే అనేదాకా పని ముందుకు సాగదని అగ్రిమెంటులోనే రాయించండి. మంచి కాంట్రాక్టరు దీనికి సంతోషంగా ఒప్పుకుంటాడు, రేపు తన మీద మాట రాదు కాబట్టి.

ఒకటి, కాంక్రీటు పోసే ముందు. కమ్మీలు డ్రాయింగు ప్రకారం ఉన్నాయా, అడుగుకూ గోడలకూ కమ్మీ ఆనకుండా కవర్ బ్లాకులు పెట్టారా చూడండి. బ్లాకుల బదులు కంకర రాళ్లు ఇరికించి ఉంటే తీయించండి. కాంక్రీటు పోసేటప్పుడు అవి పక్కకు జారి కమ్మీ నేలకు ఆనుతుంది, కొన్నేళ్లకు అక్కడే తుప్పు మొదలవుతుంది. గోడ దాటే ప్రతి పైపుకూ చుట్టూ పళ్లెంలాంటి రింగు ఉండాలి. అడుగు, గోడ కలిసే జాయింటులో నీళ్లు ఆపే పట్టీ, వాటర్‌స్టాప్, వేశారా అడగండి. కాంక్రీటు పోసే రోజు అదే కాంక్రీటుతో క్యూబులు, అంటే పరీక్ష దిమ్మెలు, తీయించి 7 రోజులకు, 28 రోజులకు ల్యాబులో పరీక్ష చేయించండి. మన ఎండలకు పొద్దున్నే పోయడం మేలు. తర్వాత గోనెపట్టాలు కప్పి, రెండు వారాలు తడి ఆరకుండా చూడాలి. క్యూరింగ్‌కు మనిషి ఎవరు అన్నది ముందే తేల్చుకోండి, ఇక్కడ ఎగ్గొట్టినంత తేలిగ్గా ఇంకెక్కడా ఎగ్గొట్టలేరు.

రెండు, పైపులు పూడ్చే ముందు. పైపులన్నీ మూసి లోపల ఒత్తిడి పెట్టి, గేజ్ ముల్లును ఫోటో తీసుకోండి. మర్నాడు అదే టైముకు మళ్లీ చూడండి. ముల్లు కిందికి దిగి ఉంటే ఎక్కడో జాయింటు కారుతోంది. అలాగే పైపులు ఏ దారిన పోయాయో టేపు పెట్టి కొలతలతో సహా ఫోటోలు తీసి దాచుకోండి.

మూడు, టైల్సు వేసే ముందు నీళ్ల పరీక్ష. కాంట్రాక్టరు దాటేద్దామని చూసేది దీన్నే, ట్యాంకర్ల ఖర్చు, వారం ఆలస్యం అంటాడు. ఒప్పుకోవద్దు. కొత్త కాంక్రీటు మొదట కొంత నీళ్లు పీలుస్తుంది కాబట్టి కొన్ని రోజులు నిండుగా ఉంచి, తర్వాత కొలవాలి. ఎండకు ఆవిరి అయ్యేదాన్నీ లీకునూ విడదీయడానికి బకెట్ పద్ధతి ఉంది. పూల్ మెట్టు మీద ఒక బకెట్ పెట్టి, లోపల నీళ్లు బయట పూల్ నీళ్ల ఎత్తుకే ఉండేలా నింపండి. బకెట్ లోపలివైపు ఒక గీత, పూల్ గోడ మీద ఒక గీత గీయండి. పంపు నడపకూడదు, ఎవరూ దిగకూడదు. 24 గంటల తర్వాత రెండూ చూడండి. రెండింట్లో ఒకేలా తగ్గితే అది ఎండ. పూల్‌లో ఎక్కువ తగ్గితే ఆ ఎక్కువంతా లీకే. మన 24 × 12 పూల్‌లో అంగుళం తగ్గడమంటే దాదాపు 680 లీటర్లు. వాటర్‌ఫ్రూఫింగ్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి ఈ పరీక్ష చేయిస్తే మరీ మంచిది.

భద్రత విషయంలో బేరం వద్దు. నీళ్లు లాగే అడుగు డ్రెయిన్లు కనీసం రెండుండాలి, మధ్య మూడడుగుల దూరం ఉండాలి. ఒక్కటే ఉంటే పిల్లల జుట్టో చెయ్యో దానికి పట్టుకుని వదలకపోయే ప్రమాదం ఉంది. నీళ్లలో లైట్లు 12 వోల్టువే కావాలి, బోర్డులో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. పసిపిల్లలున్న ఇంట్లో చుట్టూ నాలుగడుగుల కంచె, తనంతట తాను మూసుకునే గేటు. ఇవి మీరు అడక్కముందే కొటేషన్‌లో రాసిన కాంట్రాక్టరుకు ఇంకో రెండు మార్కులు వేయండి.

చివరి పని: అప్పగింత, మిగిలిన పది శాతం

అప్పగించే రోజు పంపు ఆన్ చేసి, నీళ్లు చూపించి, స్వీట్లు తిని వెళ్లిపోనివ్వకండి. నీళ్లను వెనక్కి తిప్పి ఫిల్టరును కడగడం, అంటే బ్యాక్‌వాష్, మీ చేత చేయించమనండి. శుభ్రంగా ఉన్నప్పుడు గేజ్ ఎంత చూపిస్తోందో గోడ మీద రాయించండి. అంతకంటే 8, 10 పీఎస్‌ఐ పెరిగితే కడగాలని గుర్తు. నీళ్లలో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. కిట్టుతో ఇవి చూడటం ఇంట్లో ఇద్దరికైనా నేర్పించాలి. వారంటీ కార్డులు, బిల్లులు మీ పేరు మీదే ఉండాలి. తర్వాత మార్చిన చోట్ల మార్పులు గుర్తించిన డ్రాయింగు ఒకటి తీసుకోండి.

ఆ పది శాతాన్ని అప్పగించిన రోజు ఇవ్వొద్దు. వచ్చే వానాకాలం దాటాక, అంటే డిసెంబరు ఆఖరుకు ఇస్తామని అగ్రిమెంటులోనే రాసుకోండి. పూల్‌కు, చుట్టూ నేలకు నిజమైన పరీక్ష ఆ మూడు నెలల్లోనే జరుగుతుంది. ఆ రోజుల్లో శుభ్రం చేయాలనో ఇంకేదో అని పూల్ ఖాళీ చేయించకండి, ఎవరు చెప్పినా సరే. వానలు తగ్గాక కాంట్రాక్టరును పిలిచి, ఇద్దరూ కలిసి గచ్చు ఎక్కడైనా కుంగిందా, అంచు టైల్సులో గీత పడిందా, పంపు రూములో నీళ్లు నిలిచాయా చూడండి. బకెట్ పరీక్ష ఇంకోసారి చేయండి. అన్నీ సరిగ్గా ఉంటే అదే రోజు డబ్బు ట్రాన్స్‌ఫర్ చేసి, ముట్టినట్టు రసీదు తీసుకుని, లీకు గ్యారంటీ ఏ తేదీ దాకా ఉందో దాని మీదే రాయించుకోండి.